అడవి గది కందానికి గురకదీపికా వ్యాఖ్య

అవతారిక

వ్యాఖ్యాతలందరికీ గురువైన కోలాచల మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాత ప్రతిజ్ఞలోని మొదటి సగానికి కట్టుబడుతున్నాడు. రెండో సగానికి కూడా కట్టుబడితే వ్యాఖ్య ఇక్కడితో సమాప్తం.

సందర్భం: పుష్యమాసంలో ఒక శనివారం కరీంనగర్ మిత్రబృందం ఒకటి జగిత్యాల, ధర్మపురి మీదుగా పోయి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్షెట్టిపేట నుంచి జన్నారం చేరింది. కవ్వాల్ అడవి అంచున ఒక చిన్న గదిలో రాత్రి గడిపింది. అప్పుడు పుట్టిన పద్యమిది. కవి అజ్ఞాతుడు. బతికే ఉన్నాడు గాని, మిగతా తొమ్మిదిమందికి జడిసి అజ్ఞాతంలో ఉన్నాడు.

మూలం

కం. అడవికిఁ బోదము రమ్మని
గడబిడ చేసిరి పదుగురు కారున దూరన్
పడకకుఁ బోరిరి రాతిరి
సడి విని పులియని వణకిరి సహచరు గురకన్

ప్రతిపదార్థం

అడవికిన్ = కవ్వాల్ అరణ్యానికి; పోదము రమ్మని = “పోదాం పా అన్నా, ఒక్క రాత్రే గదా” అని; పదుగురు = పదిమంది; కారున దూరన్ = ఒక్క బండిలో ఇరుక్కోవడానికి; గడబిడ చేసిరి = లొల్లి చేశారు; రాతిరి = రాత్రివేళ; పడకకున్ = రెండు మంచాలు, మూడు రగ్గుల కోసం; పోరిరి = యుద్ధం చేశారు; సడి విని = చప్పుడు విని; సహచరు = తోటివాని (పేరు చెప్పడం సంప్రదాయం కాదు); గురకన్ = గురకను; పులియని = పెద్దపులి అనుకొని; వణకిరి = గజగజలాడారు.

తాత్పర్యం

పులిని చూద్దామని బయలుదేరిన పదిమంది, పులి కంటే ముందు ఒకరినొకరు చూసి భయపడ్డారని భావం.

విశేషాలు

*ఛందస్సు.* అడవి పద్యానికి సీసమో మత్తేభమో వాడకుండా కందమెందుకు? స్థలధర్మం వల్ల. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో తెలుగు కందాలు మూడున్నాయి. అంటే నన్నయ కలం పట్టకముందే కరీంనగర్ గుట్ట మీద కందం కూర్చుని ఉంది. ఆ ఊరివాళ్లు మరో ఛందంలో గురక పెడితే అపచారం.

*పదుగురు.* ఇక్కడ పూర్వపక్షి లేచి, “కారులో ఐదుగురే కదా పట్టేది? ‘ఐదుగురు’ అని పాఠం దిద్దరాదా?” అంటాడు. రాదు. ‘పదుగురు’ నాలుగు మాత్రలు, ‘ఐదుగురు’ అయిదు. ఈ మాట పడ్డ ఆరో గణం కందంలో నాలుగు మాత్రల జగణమో నలమో కావాలి. రవాణా చట్టానికి ఐదుగురు చాలు, ఛందస్సుకు పదుగురు కావాలి. కారంటే ఇక్కడ పదిమందీ పట్టే తుఫాన్ బండి అని సమన్వయవాదులు. అలాగైతే గడబిడకు అవకాశమే లేదు కనుక ఆ మతం త్యాజ్యం.

*పడక.* అడవికి పోయినవాడు చెట్టు కింద పడుకోవచ్చు కదా, మంచానికి పోరెందుకని శంక. పుష్యమాసంలో ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగుతుంది. పధ్నాలుగేళ్లు అడవిలో ఉన్న రాముడికి పర్ణశాల కట్టడానికి లక్ష్మణుడున్నాడు. ఈ పదిమందిలో ప్రతివాడూ రాముడే. “జర జరుగు బావా” అని ఒకడు, “దుప్పటి గుంజకురా తమ్మీ” అని ఇంకొకడు. కిటికీ పక్క మంచం చలి వల్లా, తలుపు పక్క మంచం పులి వల్లా ఎవరికీ అక్కరలేదు. నడిమి స్థానానికే పోరు. ఇక్కడ వీరరసం అంగం.

*నెగడు.* చలిలో కూడా నెగడు మాట పద్యంలో లేదు. ఇది కవి మరుపు కాదు, ఔచిత్యం. కవ్వాల్ ప్రధానంగా టేకు అడవి. టేకు ఆకు రాలుస్తుంది, రాలిన ఆకు ఎండుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అటవీశాఖ వాళ్లు ఎండాకాలానికి ముందే అగ్గి పాకకుండా ఆకు ఊడ్చి బాటలు తీస్తారు. నెగడు లేకపోవడం చేత చలీ, చలి చేత పడకపోరూ సిద్ధించాయి. కారణాన్ని దాచి కార్యాన్ని చెప్పడం కవి నేర్పు.

*సకినాలు.* పద్యంలో లేకపోయినా వాచ్యం కన్నా బలంగా ఉన్నవి. సంక్రాంతి రోజుల్లో కరీంనగర్‌వాళ్లు సకినాల డబ్బా లేకుండా గడప దాటరు. ఆ డబ్బా సాయంత్రమే కోతుల పాలైంది. కడుపు కాలినవాడికి నిద్ర పల్చన, నిద్ర పల్చనైనవాడికి ప్రతి సడీ పులి. నాలుగో పాదానికి ఇదే మూలకారణం.

*పులియని.* భ్రాంతిమదలంకారం. పోలిక వల్ల ఒకదాన్ని మరొకటిగా భ్రమించడం దీని లక్షణం. మరి గురకకూ గాండ్రింపుకూ పోలిక కుదురుతుందా? పులి గాండ్రింపు రెండు మూడు కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. ఈ గురక గోడ దాటలేదు. పైగా పులి వేటకు పోయేటప్పుడు చప్పుడు చేయదు. చప్పుడు చేసేది దాన్ని చూసిన దుప్పి, కొమ్మ మీది కొండముచ్చు. అడవిలో పులి వార్త చెప్పే విలేకరులు ఇవే. కనుక పులిని గుర్తించడం రానివారు గురకను నిందించడం అన్యాయం. గురక పెట్టినవానికి ఏ దోషమూ లేదని ఈ వ్యాఖ్యాత గట్టి నిశ్చయం.

ధ్వని

ఇంతవరకు చెప్పింది వాచ్యార్థం. పద్యంలో పులి అనే మాట ఉంది, పులి లేదు. ఈ లేమిలోనే ధ్వని.

కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. కోర్ ప్రాంతమే సుమారు 893 చదరపు కిలోమీటర్లు. ఇంత చోటున్నా ఇక్కడ పులి కాపురం నిలకడైనది కాదు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో చోటు చాలని పులులు పెన్‌గంగ, ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ వైపు వస్తాయి. తెలంగాణ పులికి ఇల్లు కట్టి పెట్టుకుని ఎదురుచూస్తున్న రాష్ట్రం. అతిథి నది దాటి వస్తుంది, వాసన చూస్తుంది, రోడ్లు, పొలాల కంచెలు, బండ్ల లైట్లు లెక్కపెట్టుకుంటుంది, చాలాసార్లు వచ్చిన దారినే పోతుంది. తిండికి దుప్పులూ మనుబోతులూ ఉన్నాయి. దానికి కావలసింది సందడి లేకపోవడం.

ఆ సందడి తగ్గించడానికే కోర్‌లోని మైసంపేట, రాంపూర్ ఊళ్లను అడవి బయటికి తరలించారు. ఇప్పపువ్వు ఏరుకుని, తునికాకు కోసుకుని, దుప్పి అరుపును బట్టి పులి ఎటు పోతుందో చెప్పగలిగిన అడవి మనుషులు బయటికి వచ్చారు. గురకను బట్టి పులి వచ్చిందని చెప్పే పదిమంది ఒక రాత్రికి అద్దె కట్టి లోపలి అంచుదాకా పోయారు. రెండో పాదంలోని ‘గడబిడ’కూ నాలుగో పాదంలోని ‘సడి’కీ నడుమ కవి దాచిన లెక్క ఇది. గడబిడ చేసినవారికి సడి వినే అర్హత ఉండదు. విన్నా అర్థం కాదు. పులి రాకపోవడం దాని పిరికితనం కాదు, వినికిడి.

“అయితే అడవికి పోనేవద్దా?” అని పూర్వపక్షం. పోవచ్చు. పాటల డబ్బా ఇంట్లో పెట్టి, పదుగురూ ఒకేసారి మాట్లాడకుండా పోవాలని సిద్ధాంతం. ఛందోభంగమైనా సరే, ఐదుగురైతే ఉత్తమం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని వ్యాఖ్యతో సహా చదివి కవ్వాల్‌కు పోయేవారికి పులి దర్శనమిస్తుందని చెప్పలేం. నోరు మూసుకున్నవారికి దుప్పి అరుపు వినబడుతుంది. అరుపు విన్నవారికి ఏ దిక్కుకు పోకూడదో తెలుస్తుంది. కోతుల సంగతి తెలిసి సకినాల డబ్బాకు తాళం వేసినవారు సుఖనిద్ర పొందుతారు.

ఇది శ్రీమన్మానేరు తీర వాస్తవ్య, మధ్యమంచ విజేత, గాఢనిద్రా విఖ్యాతుండగు వ్యాఖ్యాతచే రచియింపబడిన గురకదీపిక సమాప్తము.