నా ఆయుష్షు లెక్కలో నా దారి ఏది?

తాండూరు నాపరాళ్లు మోసే లారీలో వెనుక ఇరుసుకు బిగించిన కమాను కట్టను నేను. ఉక్కు పట్టాలను ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ బోల్టు వేసి, యూబోల్టులతో కట్టేస్తే నేను తయారయ్యాను. నేను సాధారణంగా ఒక్క దెబ్బకు విరగను. మోయగలిగిన బరువునే మోస్తూ, లక్షలసార్లు వంగి లేస్తూ, కంటికి ఆనని పగులును పెంచుకుని ఒకనాడు ఫట్‌మంటాను. లోహపు అలసట ఇదే. 1842లో వెర్సాయ్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి ఘోర రైలు ప్రమాదం జరిగాక లోకం దీన్ని పట్టించుకుంది. ఎంత ఒత్తిడికి ఎన్ని ఊపుల్లో విరుగుతుందో జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి పరీక్షించి చూపాడు. ఇప్పుడు ఆ పనిలో సగం కంప్యూటరుది. నన్ను వేల ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడో లెక్కగట్టి, నా ఆయుష్షు చెబుతుంది. ఆ లెక్క తప్పితే చాలామంది ఉక్కును అనుమానిస్తారు. నేనైతే దారిని అనుమానించమంటాను.

ఒత్తిడి పెరిగిన పాళ్లలోనే నాకు నష్టం పెరగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఐదో ఘాతం చొప్పున పెరుగుతుందనుకుంటే, ఒత్తిడి ఐదోవంతు పెరిగినా ఒక్కో ఊపు చేసే నష్టం రెండున్నర రెట్లవుతుంది. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. చూడటానికి ఎనిమిదోవంతే. పాత కమానుకే ఆ బరువు ఎత్తి, ఒత్తిడీ అదే పాళ్లలో పెరిగిందంటే ఆయుష్షు ఇంచుమించు సగానికి దిగుతుంది. ఇది చట్టం ఒప్పుకున్న బరువు సంగతి. వేబ్రిడ్జి కంటపడకుండా ఎక్కే బండల సంగతి నేను వేరే చెప్పాలా? ఇక దారి చూడండి. తాండూరు కందికి పేరు తెచ్చిన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది; దాని మీద పరిచిన తారు అలలు తేలుతుంది. దోమ, పరిగి ఊళ్ల వైపు పల్లెదారుల్లో ఒక చక్రం గుంతలో, ఇంకో చక్రం గట్టు మీద పడితే నేను వంగి ఊరుకోను, మెలిక కూడా పడతాను. నిండు లోడు మీద బ్రేకు కొడితే పాములా వంకర్లు పోతాను. కంప్యూటరుకు ఇచ్చే నునుపైన పరీక్షా మార్గపు రికార్డులో ఇవన్నీ ఎక్కడివి?

ఈ గజిబిజి కుదుపుల్లోంచి ఊపులను విడదీసి లెక్కించే రెయిన్‌ఫ్లో పద్ధతిని జపాన్‌లో మత్సుయిషి, ఎండో 1968లో చెప్పారు. విడదీసిన ఊపుల నష్టాన్ని 1945 నాటి మైనర్ సూత్రంతో కూడతారు. అది కిరాణా కొట్టు ఖాతా లాంటిది. ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు దానికి లేదు. నాకు ఉంది. పెద్ద గుంత ముందే పగులు పుట్టిస్తే, ఆ తర్వాత చిన్న కుదుపులు కూడా దాన్ని మేపుతాయి. తుప్పు సంగతి మరీ మోసం. కార్ఖానాలో సన్నని ఉక్కు గుళ్లతో కొట్టి నా పైపొరను నొక్కిపెడతారు. ఆ నొక్కుడు పగులును తెరుచుకోనివ్వదు. పట్టాల సందుల్లో వాననీళ్లు, రాతి పిండి నిలిచి తుప్పు గుంటలు పడితే ఆ రక్ష పోతుంది. కొత్త ఉక్కు కొలతలతో వేసిన లెక్కకు ఈ సంగతి తెలియదు.

సుత్తితో తట్టి చూసే మిస్త్రీ ఉండగా కంప్యూటరెందుకు అనవచ్చు. నేను ఎక్కడ విరుగుతానో మిస్త్రీకి బాగా తెలుసు, అతని షెడ్డు మూలన పడున్న విరిగిన పట్టాలను చూడకుండా లెక్క వేసేవాళ్లది తొందరపాటే. కానీ యూబోల్టు కింద దాగిన పగులు చిన్నగా ఉన్నప్పుడు ఆ మోతకు దొరకదు. ఒక పట్టా పోతే మిగతావి మోస్తాయిగా అంటారు ఇంకొందరు. మోస్తాయి, ఎక్కువ ఒత్తిడితో, ఇంకా త్వరగా అలసిపోతూ. పైగా ఇరుసును దాని చోట నిలిపేది కూడా నేనే. మెయిన్ పట్టా కన్ను తెగితే ఇరుసు పక్కకు జరిగి బండి లాగేస్తుంది. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: ఒకే అచ్చులో దిగిన రెండు కమాన్ల ఆయుష్షే కొన్ని రెట్లు తేడాగా ఉంటే లెక్కకు విలువేమిటి? నిజమే, నేను విరిగే తేదీ ఏ కంప్యూటరూ చెప్పలేదు. రెండు లోడ్లలో, రెండు దారుల్లో, రెండు రకాల పట్టాల్లో ఏది ఎక్కువ చేటో మాత్రం అది నమ్మదగ్గట్టే చెబుతుంది, అసలు దారిని దానికి చూపిస్తే. నాకు సాగుడును కొలిచే స్ట్రెయిన్ గేజీలు అతికించి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం తాండూరు నుంచి లోడుతో తిప్పండి. తిరుగు ప్రయాణాన్నీ రికార్డు చేయండి. ఖాళీ బండిని డ్రైవరన్నలు ఏ స్పీడులో తోలుతారో నాకు తెలుసు.