పక్క జాగాలో ముగ్గు పోసిన రోజు వినకూడని సలహాలు

చిట్యాల మండలంలో ఏ ఊళ్లోనైనా పక్క జాగాలో పునాదికి ముగ్గు పోశారంటే, పొద్దుగూకేసరికి మన అరుగు మీద నలుగురు చేరి తలా ఒక సలహా ఇస్తారు. మన మేలు కోరే చెప్తారు. కానీ ఆ మాటలు నమ్మి జాగా పోగొట్టుకున్నవాళ్లు, అన్నదమ్ముల్లాంటి పొరుగును పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అందుకే ఈ ఆరు సలహాలు చెవికెక్కించుకోకండి.

1. "స్లాబ్ పడనీ, అప్పుడు చూద్దాం."
అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ముగ్గును రెండడుగులు జరపడానికి ఒక్క పూట చాలు. పిల్లర్లు లేచాక అదే రెండడుగులకు లక్షలు పోతాయి. ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు కూడా అడుగుతుంది. ముగ్గు రోజే టేపు పట్టి కొలవండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. "అన్నా, ఈ సందు అందరిది, కొంచెం చూసుకో" అని మర్యాదగా చెప్పండి. చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి.

2. "పర్మిషన్ వచ్చిందంటే జాగా వాళ్లదైనట్టే."
కానే కాదు. పంచాయతీ ఇచ్చేది కట్టుకోవడానికి అనుమతి మాత్రమే. జాగా ఎవరిదో తేల్చేది సివిల్ కోర్టు. గ్రామకంఠంలో ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు కాబట్టి పాత దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు భద్రంగా దాచుకోండి.

3. "భూపాలపల్లిలో 75 గజాల లోపు పర్మిషనే వద్దంట, ఇక్కడా అంతే."
ఆ సడలింపు 2020లో మున్సిపాలిటీల కోసం వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంలోది. ఊళ్లకు వర్తించేది 2018 పంచాయతీరాజ్ చట్టం. చిన్న ఇల్లయినా పంచాయతీ అనుమతి తీసుకోవాల్సిందే.

4. "సర్పంచ్ మనోడే, నోటిమాట చాలు."
2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. మాట ఇచ్చిన మనిషి దిగిపోయినా, ఇచ్చిన కాగితం ఆఫీసులోనే ఉంటుంది. కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. ఆమోదించిన ప్లాన్ నకలును 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కదలిక లేకపోతే మండల పంచాయతీ అధికారి, తర్వాత జిల్లా పంచాయతీ అధికారి, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి.

5. "పాతవన్నీ కలిపి రాయి, కేసు బలంగా ఉంటది."
పదేళ్ల కిందటి కోడిపెట్ట గొడవ కూడా రాస్తే, అసలు సంగతి అధికారి కంట పడదు. ఇలా రాయండి: "మా ఇంటికి తూర్పున కడుతున్న ఇంటి సజ్జ 6 అడుగుల సందు మీదికి 2 అడుగులు వచ్చింది. వాన నీళ్లు మా గోడ మీద పడుతున్నాయి. ఆమోదించిన ప్లాన్‌తో సరిచూసి చర్య తీసుకోగలరు." ఇంత స్పష్టంగా రాస్తే, వచ్చి కొలవకుండా తప్పించుకోవడం ఎవరికైనా కష్టం.

6. "రాత్రికి రాత్రి గోడ పడగొట్టు."
పడగొట్టిన మరుక్షణం కేసు మీ మీదికే తిరుగుతుంది. వకీలుకు డబ్బుల్లేవని ఈ పనికి దిగకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన ఫీజు తిరిగొస్తుంది, దాని మీద మళ్లీ అప్పీలు ఉండదు.

పొరుగువాళ్లకు ఇల్లు కట్టుకునే హక్కుంది, మనకు దారి, వెలుతురు, మోరి కావాలి. ఈ రెంటికీ చోటు చూపేది ప్లాన్ కాగితమే. రేపు మీరు కట్టేటప్పుడు, పని మొదలుకాకముందే మీ ప్లాన్ తీసుకెళ్లి రెండు పక్కల ఇళ్లవాళ్లకూ చూపించండి. ఊళ్లో ఈ అలవాటు పడితే సగం దరఖాస్తులు రాసే పనే ఉండదు.