మునిగేలోపు టికెట్ కొనండి

పాపికొండలు చూశారా? ఇంకా లేదా? అయితే త్వరపడండి. పోలవరం డ్యాం పూర్తయితే ఇవేవీ ఉండవట. భద్రాచలంలో ఏ లాడ్జి ముందు దిగినా, ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా టూరు ఏజెంటు మన చెవిలో వేసే మొదటి మాట ఇదే. "మళ్లీ చూద్దామన్నా దొరకవు సార్!" మంచం పట్టిన పెద్దాయన్ని ఆఖరి చూపు చూడ్డానికి బంధువులకు కబురు పెట్టినట్టు పెడతాడు. తేడా ఒక్కటే. ఇక్కడ చూపుకు టికెట్ ఉంది.

నిజానికి కొండలు మునగవు. కొండలకేం, నిక్షేపంగా ఉంటాయి. మునిగేది వాటి కాళ్ల దగ్గరున్న ఊళ్లు. కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లు. కానీ "కొండరెడ్ల ఇళ్లు మునుగుతున్నాయి, పిల్లాపాపలతో వచ్చి చూసి పొండి" అని పోస్టరు వేస్తే బాగోదు కదా? అందుకని కొండలు మునుగుతున్నాయంటారు. కొండ మీద జాలి పడితే ఎవరికీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు మరి.

భద్రాచలంలోనే పడవ ఎక్కేద్దామనుకుంటున్నారా? అబ్బో, ఆశ! 1973లో బాపు తీసిన 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' చూసి రెండు తరాల తెలుగువాళ్లు ఒక కల కన్నారు. రాజమండ్రిలో లాంచీ ఎక్కాలి, పాటలు పాడుకుంటూ రాములవారి దగ్గర దిగాలి. ఇప్పుడు వరస వేరు. రాములవారి దగ్గర వ్యాను ఎక్కాలి, డెబ్భై కిలోమీటర్లకు అటూ ఇటూగా నడుములు విరగ్గొట్టుకుని పోచవరం రేవులో దిగాలి. అక్కడ పడవ. వెళ్లి, చూసి, తిని, మళ్లీ అదే రేవుకు. మళ్లీ అదే వ్యాను.

ఊరు దాటగానే ఎటపాక. అంటే ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం విడిపోతూనే పోలవరం కోసం ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాల ముంపు ప్రాంతాన్ని కోసి అటు కలిపారు. గుడి ఉన్న ఊరు ఇటు మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. దేవుడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలో ఉన్న ఆయన మాన్యం ఆంధ్రలో. రాముడిదీ ఇప్పుడు అంతర్రాష్ట్ర వివాదమే. పట్టణంలోని చెత్త పారబోయడానికి జాగా కూడా మిగల్లేదు. మరి ఎక్కడ పోస్తున్నారు? ఇంకెక్కడ, గోదావరి ఒడ్డున! పొద్దున హారతి, మధ్యాహ్నం చెత్త. రాష్ట్రం మారిన సంగతి ఫోన్‌కు తెలుస్తుంది గానీ రోడ్డుకు తెలియదు. గుంతలకు ప్రాంతీయ భేదాలు లేవు, అదొక్కటే సమైక్యత.

సరే, పడవ. రెండంతస్తులు. పైన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, మనిషెత్తు స్పీకర్లు. ముందుగా లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నారింజ రంగుది నాకొచ్చింది. పట్టీ ఉంది, బకిల్ లేదు. పక్కాయనకు బకిల్ ఉంది, పట్టీ తెగింది. ఇద్దరం కలిసి ఒకే జాకెట్ వేసుకుంటే బతికే అవకాశం ఉందేమో. ఎలా కట్టుకోవాలో చెప్పినవాడు లేడు. ఎప్పటిదాకా కట్టుకోవాలో మాత్రం చెప్పారు. "చెకింగ్ అయ్యేదాకా ఉంచండి సార్, తర్వాత మీ ఇష్టం."

విన్నారా? జాకెట్ ఎవరి కోసం? నీళ్ల కోసం కాదు, ఇన్‌స్పెక్టరు కోసం. చెకింగ్ అయిపోయింది. పావుగంటలో జాకెట్లన్నీ తమ అసలు ఉద్యోగాల్లో చేరాయి. ఒకటి తలగడ, ఒకటి పిల్లాడి పరుపు, ఇంకోటి ఉప్మా ప్లేటు కింద చాప. సెల్ఫీలప్పుడు మాత్రం మళ్లీ ఒంటి మీదకొచ్చాయి. నారింజ రంగు ఫొటోలో బాగా పడుతుందట.

తర్వాత మైకు పట్టుకున్న కుర్రాడు లేచాడు. "కొత్తగా పెళ్లయిన జంటలెవరండీ?" ఇక మొదలు. రెండు గట్ల మధ్యా కొండలు దగ్గరికి వస్తున్నాయి, నది సన్నబడుతోంది, నీళ్లు నల్లబడుతున్నాయి. దేశంలో ఇలాంటి చోటు ఎన్ని ఉంటాయి? అవేవీ ఎవరికీ పట్టలేదు. అందరూ స్పీకరు వైపు తిరిగి కూర్చున్నారు. ఊళ్లో ఏ ఫంక్షన్ హాల్లోనైనా దొరికే గోలను ఇంతదూరం వ్యానులో మోసుకొచ్చి వినడం ఎందుకో? చుట్టూ ఉన్నది 2008లో ప్రకటించిన జాతీయ పార్కు. పులికీ చిరుతకూ రక్షణ ఉన్న అడవి. డీజే నుంచి మాత్రం వాటికి రక్షణ ఉన్నట్టు లేదు.

పోచవరం పడవలు అంతదూరం వెళ్లవు గానీ, ఇంకాస్త దిగువకు పోతే కచ్చులూరు వస్తుంది. పేరు గుర్తుందా? మర్చిపోయారా? మర్చిపోండి, సర్కారుకూ అదే కావాలి.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి ఐదు లక్షల క్యూసెక్కుల వరదతో పోతోంది. అంత వరదలో పర్యాటకుల బోటు బయల్దేరింది. ఎవరు వదిలారు? ఎలా వదిలారు? పడవకు లైసెన్సు ఉంది. కాగితాలు ఉన్నాయి. మన దగ్గర మునిగిపోయే ప్రతిదానికీ కాగితాలు సక్రమంగానే ఉంటాయి. కచ్చులూరు దగ్గర సుడిలో పడి తిరగబడింది. ఎక్కినవాళ్లు 77 మంది. బతికినవాళ్లు 26 మంది. వరంగల్ పక్కన కడిపికొండ అనే ఒక్క ఊరి నుంచే 14 మంది వచ్చారు ఆ బోటెక్కడానికి.

ఆ 26 మందిని కాపాడిందెవరో తెలుసా? టూరిజం శాఖా? పోర్టు శాఖా? జలవనరుల శాఖా? కాదు. తూటుగుంట అనే గిరిజన పల్లె జనం. నాటు పడవలేసుకుని దూకారు. వాళ్ల పడవలకు లైసెన్సు లేదు, స్పీకర్లు లేవు, యాంకరు లేడు. అయినా పనిచేశాయి. ఆ దేవీపట్నం మండలంలో ఊళ్లకు ఊళ్లు తర్వాత పోలవరం వెనుకజలాల పాలయ్యాయి. కాపాడినవాళ్లకు మనం చేసిన సన్మానం అది.

చనిపోయినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ 10 లక్షలు ప్రకటించింది, తెలంగాణ తన వాళ్లకు 5 లక్షలు ప్రకటించింది. చావుకు రేటు కట్టడంలో ఆలస్యం లేదు. బోటును పైకి లాగడానికి మాత్రం సర్కారు దగ్గర ఉపాయం లేకపోయింది. చివరికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి, లంగర్లు వేసి, ఇనుప తాళ్లు బిగించి, 38వ రోజున లాగి ఒడ్డున పడేసింది. అప్పుడు ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. నవంబరులో 9 కంట్రోల్ రూములకు శంకుస్థాపన. రేవు రేవుకూ ఒకటి. ఆహా! అంటే అప్పటిదాకా నదిని ఎవరు కంట్రోల్ చేసినట్టు? గోదారమ్మేనా?

ఇది మొదటిసారా అంటే అదీ కాదు. 2017 నవంబరు 12, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. కమిటీ. నిబంధనలు. 2018 మే 11, దేవీపట్నం దగ్గర పర్యాటకుల బోటు తగలబడింది. అదృష్టం, జనం బయటపడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండానే మంటూరు దగ్గర లాంచీ మునిగింది. అది విహారం కాదు. రోడ్డు లేని ఊళ్ల గిరిజనులకు అదే బస్సు, అదే సంతబండి, అదే అంబులెన్సు. గాలివానకు తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్లు లోపలే ఇరుక్కుపోయారు. మళ్లీ కమిటీ. మళ్లీ నిబంధనలు. పదహారు నెలలకు కచ్చులూరు. మన దేశంలో నిబంధన పుట్టాలంటే ముందు పెద్దకర్మ జరగాలి. అన్నట్టు, 2021 దాకా మన నదుల మీద పడవలకు దిక్కు 1917 నాటి చట్టం. తెల్లదొర రాసిపెట్టి పోయిన కాగితం. నూట నాలుగేళ్లు దాంతోనే తెడ్డు వేశారు.

వేరే దేశాల్లో ఓడలు మునగవా? మునుగుతాయి. 1912లో టైటానిక్ మునిగింది. రెండేళ్లలో, 1914లో, సముద్ర ప్రయాణ భద్రత మీద దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగి 32 మంది పోయారు. కెప్టెన్‌కు పదహారేళ్ల జైలు. ఓడ కదలకముందే, లేదంటే కదిలిన వెంటనే, ప్రయాణికులందరికీ డ్రిల్లు చేయించాలని ఆ తర్వాత నియమం బిగించారు. సియాటిల్‌లో అలాస్కా క్రూయిజు ఎక్కే మనవాళ్లను అడగండి. కోటీశ్వరుడైనా సరే, డ్రిల్లు అయ్యాకే విందు. మనకు? విందే డ్రిల్లు.

అలాగని అలాస్కాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడా ఇదే వ్యాపారం. జూనో దగ్గర మెండెన్‌హాల్ హిమానీనదం ఏటేటా వెనక్కి జరుగుతోంది, కరిగేలోపు చూసి రమ్మని టికెట్లు అమ్ముతారు. పొగ కక్కే ఓడలో కూర్చుని మంచు కరిగిపోతోందని కళ్లు తుడుచుకోవడం వాళ్ల నాగరికత. డ్యాం మనమే కట్టుకుని, ముంపు మనమే చూడబోవడం మన నాగరికత. అక్కడ చలికోటు, ఇక్కడ పట్టీ తెగిన జాకెట్.

పేరంటపల్లి దగ్గర దింపారు. చల్లని శివాలయం, కొండ మీంచి జారే సెలయేరు. మైకు లేదు కాబట్టి మొదటిసారి నది చప్పుడు వినిపించింది. మనవాళ్లు ఐదు నిమిషాల్లో విసుగెత్తిపోయారు. కిందికి దిగితే వెదురు బొమ్మలు, వెదురు పూలగుత్తులు, బొంగు చికెన్. అమ్మేవాళ్లు కొండరెడ్ల ఆడవాళ్లు. "బొంగు చికెన్ అసలు ఆదివాసీ వంటకం కదా, ఒరిజినల్ టేస్ట్!" అని ఒకాయన లొట్టలు వేశాడు. వెదురు బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఇరవై రూపాయలు తగ్గించమని పావుగంట బేరం. ఒరిజినల్ మనుషులకు ఒరిజినల్ రేటు మాత్రం ఇవ్వం.

ఆ ఆడవాళ్ల ఇళ్లు ఏ కాంటూరులో ఉన్నాయో ఎవరైనా అడిగారా? ఈ గట్ల మీద ఇప్పుడు కులం, గోత్రం, ఊరు పేరు తర్వాత. ముందు కాంటూరు, అంటే ఇల్లున్న ఎత్తు. పోలవరం పూర్తి నిల్వ మట్టం 45.72 మీటర్లు. పునరావాసానికి తొలి దశ అని చెప్పి 41.15 మీటర్ల దగ్గర గీత గీశారు. గీత కింద ఉన్నవాడు ముంపు బాధితుడు. గీత పైన ఉన్నవాడు అదృష్టవంతుడు. గోదావరికి కాంటూరు చదవడం వస్తే బాగుండేది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. కూనవరం, వీఆర్ పురం, చింతూరు మండలాలు నీళ్లలో తేలాయి. జాబితాలో ఉన్న ఇల్లు, జాబితాలో లేని ఇల్లు అని నది తేడా చూడలేదు. ఆఫీసు చూసింది. "మీరు మునిగారు నిజమే, కానీ మా లెక్కలో మునగలేదు!" లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సిన ప్రాజెక్టు ఇది. కాంక్రీటు ఎన్ని ఘనపు మీటర్లు పోశారో, గిన్నిస్ రికార్డు ఎన్ని గంటల్లో కొట్టారో ఏ మంత్రినైనా నిద్రలో లేపి అడగండి, గడగడా చెప్తాడు. ఎన్ని కుటుంబాలు గూటికి చేరాయని అడగండి. ఫైలు తెప్పిస్తానంటాడు.

పేర్లు పెట్టడంలో మాత్రం మనవాళ్లను మించినవారు లేరు. అడవి మీద హక్కు అడివి బిడ్డలదని వందేళ్ల కిందట తుపాకీ పట్టిన అల్లూరి సీతారామరాజు పేరు 2022లో ఓ జిల్లాకు పెట్టి ఈ ముంపు మండలాల్లో చాలావాటిని అందులో కలిపారు. పేరు ఆయనది, అడవి నీళ్లది. సర్కారు సొమ్ముతో గుడి కట్టినందుకు రామదాసును గోల్కొండ ఖైదులో వేశారు తానీషా వారు. సర్కారు సొమ్ము ఖర్చు పెట్టీ మనుషులకు ఇళ్లు కట్టనివాళ్లను ఎక్కడ వేస్తున్నాం? ప్రజాస్వామ్యం కదా. చట్టసభలో వేస్తున్నాం.

తిరుగు ప్రయాణంలో భోజనాలు. వంకాయ కూర, సాంబారు, పెరుగు, మనిషికో గులాబ్ జామూన్. ప్లాస్టిక్ గ్లాసులు నీళ్లలోకి ఎగురుతున్నాయి. గంట కిందట పేరంటపల్లిలో గోదారమ్మకు పసుపు కుంకుమ వేసి దండం పెట్టిన చేతులే అవి. అప్పుడు లేచింది గొడవ. మనిషికి రెండు జామూన్లని కరపత్రంలో ఉందట. ఒక్కటే వేశారట. ఎంత ఐకమత్యం! పొద్దుట్నుంచి జాకెట్ బకిల్ గురించి నోరు మెదపనివాళ్లు, ఎంతమంది ఎక్కిన పడవో లెక్క అడగనివాళ్లు, ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పడవ ఓ పక్కకు ఒరిగింది కూడా. ఫిర్యాదు పుస్తకం తెమ్మన్నారు. వినియోగదారుల ఫోరం అన్నారు. ఎమ్మెల్యే మా బావమరిది అన్నారు. మేనేజరు చెమటలు కక్కుతూ చేతులు జోడించాడు. "తప్పయింది సార్! వచ్చే కార్తీకం నుంచి మనిషికి రెండు జామూన్లు. గ్యారంటీ."

గడువు చెప్పాడు. లెక్క చెప్పాడు. ఈ నది మీద ఇన్నేళ్లుగా ఇచ్చిన హామీల్లో ఆ రెండూ ఉన్నది నాకు ఇదొక్కటే కనిపించింది. నెరవేరుతుంది కూడా, చూస్తుండండి.