చిన్న బిడ్డ, సులువు కాన్పు: భర్తలకు ఖర్చు లేని చిట్కాలు

మీ ఆవిడకు నెల తప్పిందా? పాలు, గుడ్లు, చేపలంటూ ఖర్చు పెరుగుతుందని దిగులు పడకండి. వేములవాడలోనైనా, సిరిసిల్లలోనైనా, కోరుట్లలోనైనా ఈ ఉపాయాలు పనిచేస్తాయి. శ్రద్ధగా పాటిస్తే బిడ్డ రెండున్నర కిలోలు దాటదు, మీ జేబులోంచి రూపాయి కదలదు.

1. ముందు మాయ సంగతి తెలుసుకోండి. తల్లి రక్తంలో తిరిగే కొవ్వును మాయ మీది ఎంజైములు విడగొడతాయి. అలా విడివడిన కొవ్వు ఆమ్లాలను ప్రత్యేకమైన ప్రోటీన్లు బిడ్డ వైపు చేరవేస్తాయి. డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 రకానికి మాయ పెద్దపీట వేస్తుంది, మెదడుకూ కంటికీ అది కావాలి గనక. మాయ మన మాట వినదు. కానీ తల్లి రక్తంలోనే లేనిది అదెక్కడి నుంచి తెస్తుంది? కంచం దగ్గరే ఆపండి. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను మనిషి ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు, తింటేనే వస్తాయి. మనకు ఇంతకన్నా అనుకూలం ఏముంటుంది?

2. తొమ్మిది నెలలూ కాపలా కాయక్కర్లేదు. బిడ్డ ఒంట్లో కొవ్వు పేరుకునేదీ, మెదడు జోరుగా పెరిగేదీ చివరి మూడు నెలల్లోనే. ఏడో నెల రాగానే "ఎక్కువ తింటే కడుపుల బిడ్డ పెద్దగై కాన్పు కష్టమైతది" అని మీ అమ్మతో చెప్పించండి. మీరంటే పిసినారితనం, ఆమె అంటే అనుభవం. శ్రీమంతం మాత్రం ఘనంగా చేయండి. ఫొటోల్లో పళ్లేలు నిండుగా కనిపించాలి.

3. అంగన్‌వాడీతో జాగ్రత్త. ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణికి ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తున్నారు. అక్కడే కూర్చుని తినాలంటారు, చిక్కంతా అదే. "ఎండకు నడవలేకపోతోంది టీచరమ్మా, డబ్బాలో పెట్టియ్యుండ్రి" అని బతిమాలండి. ఇంటికొచ్చాక పాలు అందరి చాయ్‌లోకి, గుడ్డు మీ కంచంలోకి. ఆమె అడిగితే "గుడ్డు వేడి చేస్తది" అనండి.

4. వేములవాడ, సిరిసిల్లలకు మధ్యమానేరు జలాశయం దగ్గరే. బొచ్చె, రవ్వ దొరుకుతాయి, డీహెచ్‌ఏకు చేప దగ్గరి దారి. అందుకే కాన్పు దాకా ఇంటికి నీసు రాదని వేములవాడ రాజన్నకు మొక్కుకోండి. మొక్కు మీది, పస్తు ఆమెది. మీరు బయట తిని రండి. చేపకు బదులు అవిసె గింజలైనా పెట్టమని ఎవరైనా అంటే, వేయించి దంచే తీరిక లేదనండి.

5. ఆమెకు మరీ ఆకలైతే బజ్జీల బండి ఉంది. వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 నుంచి నియమం వచ్చింది గానీ, పొద్దుటి నుంచీ మూకుట్లో మరిగే నూనెను ఎవరు కొలుస్తారు? ట్రాన్స్ కొవ్వులు కూడా మాయ దాటిపోతాయి.

6. బీడీ ఇంట్లోనే తాగండి. వాకిట్లోకి నడవడం దేనికి? పక్కవాళ్లు వదిలిన పొగకు కూడా బిడ్డ బరువు తగ్గుతుంది.

7. 24 నుంచి 28 వారాల మధ్య చేయించాల్సిన షుగర్ పరీక్షను "వచ్చే వారం" అంటూ జరపండి. షుగరుంటే గ్లూకోజు, కొవ్వులు అవసరానికి మించి మాయ దాటుతాయి, బిడ్డ నాలుగు కిలోలకు ఊరుతుంది. మన లెక్క తప్పినట్టే, అయినా కంగారొద్దు. బొద్దుగా పుట్టాడని పేడాలు పంచండి. పుట్టగానే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోతే డాక్టర్లున్నారు, వాళ్లు చూసుకుంటారు.

8. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. బిడ్డ బక్కగా పుడితే "మేనమామ పోలిక" అనండి. నమ్మకపోతే గ్రహణం ఉంది. కడుపులో అరకొరగా పెరిగిన పిల్లలకు పెద్దయ్యాక షుగర్, గుండెజబ్బు ముప్పు ఎక్కువని డాక్టర్లు చెబుతారు. దానికింకా నలభై ఏళ్లుంది. అప్పుడు "నోటి మీద అదుపు లేకపాయె" అని వాణ్నే తిట్టండి.