నా ఎత్తు, నా గాలి

నేను మారుతి 800ని. గుర్గావ్ కర్మాగారంలో పుట్టాను, ఏపీ 10 నంబరు పలకతో సీతాఫల్‌మండిలో పెరిగాను. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను, 12 అంగుళాల చక్రాలు, సుమారు 650 కిలోల ఒళ్ళు. మా వంశంలో మొదటి బండి తాళాలను 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ స్వయంగా అందించారు. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదులో మా అమ్మకాలు ఆగాయి, 2014 జనవరిలో తయారీ కూడా ఆగింది. బండి మాట వింటుందా లేదా అన్నది ఇంజను బలం కన్నా స్ప్రింగుల ఎత్తులోనూ టైర్లలోని గాలిలోనూ ఎక్కువగా ఉంటుందని నేను ముగ్గురు యజమానుల దగ్గర తెలుసుకున్నాను. అది చెప్పడానికే ఈ కథ.

మొదటి యజమాని ఉస్మానియాలో ఫిజిక్స్ చెప్పే సారు. పొద్దున్నే అమ్మాయిని తార్నాకలో బడి దగ్గర దింపి, ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి మేడ ముందు నుంచి డిపార్ట్‌మెంటుకు వెళ్ళేవారు. సెలవు రోజున నన్ను కదిలించకముందే చేతి మీటరుతో గాలి చూసేవారు. ఒకసారి అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇంత బరువు ఉత్త గాలి మీద ఎట్లా నిలబడుతుంది?"

"లెక్క కట్టి చూద్దాం రామ్మా" అన్నారు సారు. "650 కిలోలను నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదాని మీద 160 చిల్లర. టైరులో 28 పాయింట్లు ఉందనుకో, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోల ఒత్తిడి. భాగించు. ఎంతొచ్చింది?"

"ఎనభై."

"ఆ ఎనభై చదరపు సెంటీమీటర్లే నేలను తాకుతున్నది. ఇంచుమించు నీ అరచెయ్యంత."

నా బతుకంతా ఆ లెక్కలోనే ఉంది. బ్రేకు పడినా, మలుపు తిరిగినా, వానలో జారకుండా ఆగినా ఆ నాలుగు చోట్లదే భారం. గాలి తగ్గితే టైరు నడుమ లోపలికి పోయి అంచులు అరుగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, తిప్పిన క్షణానికి కాక కాస్త ఆలస్యంగా తిరుగుతాను. గాలి ఎక్కువైతే నడిమి పట్టీ ఒక్కటే నేలను పట్టుకుంటుంది, గతుకు మీద చక్రం ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి బ్రేకూ లేదు, మలుపూ లేదు. బెల్ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గాలని గాలి టైరు చేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. అది మెత్తదనం కోసం పుట్టింది. పట్టు కూడా అందులోనే ఉందని తర్వాత కార్లు వేగం పెంచుకున్నాక లోకానికి బాగా తెలిసింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం సారు బావమరిది నన్ను యాదగిరిగుట్ట నుంచి తెచ్చాడు. దారిలో గాలి కొట్టేచోట మీటరు 33 చూపింది. "ఎండలకు పేల్తయన్నా, తీసేస్తున్నా" అని అక్కడి కుర్రవాడు 28కి దించాడు. మర్నాడు పొద్దున చల్లటి టైరులో సారు చూస్తే 24! ఆయన బావమరిదిని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. పరుగుకూ, ఎండకూ నాలుగైదు పాయింట్లు ఎక్కడం సహజమే. కంపెనీ రాసే అంకె చల్లని టైరుకు రాసింది, ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే రాసింది. వేడి మీద గాలి తీస్తే టైరు తక్కువ గాలితో నడుస్తుంది, పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువ మడతపడి ఇంకా కాగిపోతాయి. ఎండాకాలంలో టైర్లు పేలడానికి తక్కువ గాలి ఒక పెద్ద కారణం. మన దగ్గర మాత్రం ఇప్పటికీ మే వచ్చిందంటే గాలి తగ్గించమనే సలహాయే ముందు వినిపిస్తుంది. అది వినకండి.

సారు పెద్ద బండి కొనుక్కున్నాక వారాసిగూడ కుర్రవాడు నన్ను తీసుకున్నాడు. నేను నేలను రాసుకుంటూ పోవాలని అతని కోరిక. "ఒక చుట్టు కోస్తే సాలు తమ్మీ, మస్తు కనిపిస్తది" అన్నాడు మెకానిక్కు. నాలుగు స్ప్రింగులూ కోశారు.

నిజం నిజంగానే చెబుతాను. చదును రోడ్డు మీద మొదటి మలుపులో నేను మునుపటి కన్నా తక్కువ ఒరిగాను. బరువు కేంద్రం కిందికి దిగితే మలుపులో బయటి చక్రాల మీదికి మళ్ళే భారం తగ్గుతుంది. పందెం కార్లను నేలకు దగ్గరగా కట్టేది అందుకే. కానీ ఆ కార్లలో స్ప్రింగు, షాకబ్జార్బరు, చక్రం వాలు అన్నీ ఆ ఎత్తుకు తగ్గట్టు మొదటి నుంచీ గీసినవి. నాలో ఎత్తు ఒక్కటే మారింది. చుట్లు తగ్గిన స్ప్రింగు మరింత బిరుసెక్కింది. షాకబ్జార్బరు కదలడానికి చోటు చాలక చిన్న గుంటకే రబ్బరు అడ్డుకు గుద్దుకునేది. చక్రాల వాలు మారి ముందు టైర్లు లోపలి అంచున అరిగాయి. చక్రం కిందికి వేలాడినప్పుడల్లా కోసిన కొస దాని గూట్లో వదులయ్యేది. స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం. గల్లీల్లో మాత్రం ఇంతకన్నా ఇరుగ్గా, నిటారుగా లేచినవే ఎక్కువ. ప్రతిదాని మీదా నా కడుపు గీరుకుంది. దానికి తోడు మైలేజీ వస్తుందని టైర్లలో 40 కొట్టించాడు. ఆషాఢం వానలో సీతాఫల్‌మండి ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగక జారి డివైడరు దగ్గర నిలిచాను. లోపల అతని చెల్లెలు ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు కాని, ఆ భయం అతన్ని వదల్లేదు. నెల తిరక్కుండా నన్ను అమ్మేశాడు.

కంపెనీ ఇచ్చిన మూల లక్షణాలు మారేలా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది.

మూడో యజమాని లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో బోగీల పని చేసి రిటైరైన పెద్దాయన. రైలు బోగీలో ఏ స్ప్రింగు పడితే అది వెయ్యరు. బరువు పెట్టి ఎత్తు కొలిచి జట్లుగా విడదీస్తారు, ఒక బోగీలో ఒకే జట్టు స్ప్రింగులు వేస్తారు. ఆ చేతి అలవాటే నన్ను బతికించింది. నన్ను చదును నేల మీద నిలిపి, ప్రతి చక్రం నడిమి నుంచి పైనున్న రేకు అంచు దాకా టేపుతో కొలిచాడు. ఏ మూల ఎంత కుంగిందో కాగితం మీద రాసుకున్నాడు.

"పెద్దసారూ, స్ప్రింగు చుట్ల నడుమ రబ్బరు ఇరికిస్తే ఎత్తు లేస్తది గదా, అగ్గువల పోతది" అన్నాడు మెకానిక్కు.

"వద్దు బిడ్డా. ఎత్తు వస్తది, పానం రాదు. కంపెనీవే తెప్పియ్. కుడి ఒక్కటి మారిస్తే సాలదు, జత మార్చాలె."

కొత్త స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, పైన బేరింగులు పడ్డాయి. ఎత్తు కుదిరాక గాలి, ఆ తర్వాతే అలైన్‌మెంటు. వరస మారితే అలైన్‌మెంటుకు పెట్టిన డబ్బు దండగ అని ఆయన మాట. ఒకేసారి రెండు మార్చేవాడు కాదు. గాలి ఒక పాయింటు మారిస్తే క్యాంపస్ రోడ్డు మీద అదే మలుపు, అదే వేగంతో తిప్పి చూసి, చీటీ మీద రాసేవాడు.

ఆ శీతాకాలం మనవలతో శ్రీశైలం పోయాం. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను. వెనక కుంగితే ముందు తేలుతుంది. నన్ను లాగేవీ, తిప్పేవీ ముందు చక్రాలే కనుక ఘాట్లో అది ప్రమాదం. హెడ్‌లైట్లు సైతం ఎదుటివాళ్ళ కళ్ళలోకి లేస్తాయి. అందుకే నిండు బరువుకు కంపెనీ పట్టికలో ఎంతుందో వెనక టైర్లలో అంత కొట్టించి, బరువైన సంచులను సీటుకు ఆనించి సర్దాడు. నల్లమల మలుపుల్లో స్టీరింగు ఎంత తిప్పితే నేను అంతే తిరిగాను, ఎక్కడా జారలేదు.

రేపు పొద్దున మీ బండి తీసేముందు డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ చదవండి. టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసుకోండి, స్టెప్నీలో కూడా చూడండి. స్ప్రింగులు కొయ్యమని మాత్రం ఎవరినీ అడక్కండి.