స్టీరియో స్వయంవరము

అవతారిక

నారదుని మహతికి, తుంబురుని కళావతికి ముందుగా నమస్కారం. ఆ వీణలకు ప్లగ్గు లేదు, వోల్టేజీ బాధ లేదు, కనుక వాటి మాట ఇంతటితో చాలించి ఈ కావ్యానికి అసలు దేవతలను తలచుకుందాం. 1877లో తగరపు రేకు చుట్టిన గొట్టం చేత మాట పలికించిన ఎడిసన్ మహర్షికి జోతలు. సినిమాకు పోయి, నటుడు తెరకు ఈ చివర నడుస్తుంటే అతని గొంతు ఆ చివర నుంచి రావడం సహించలేకపోయాడని ప్రతీతి గల లండన్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్‌కు సాష్టాంగం. 1931 డిసెంబరులో రెండు దారుల ధ్వనికి పేటెంటు దరఖాస్తు పెట్టినవాడు ఆయనే. మనిషికి చెవులు రెండని లోకానికంతా తెలుసు. దాని మీద పట్టుబట్టి కూర్చున్నవాడు ఆయన.

ఇంత చిన్న వస్తువు మీద ఇంత పెద్ద కావ్యమా అని పెద్దలు కినుక వహించవద్దు. ఈ కథ పుట్టిన గడ్డ సామాన్యమైనది కాదు. కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలోనే జినవల్లభుడు కందపద్యాలు చెక్కించాడు. ధర్మపురిలో శేషప్ప కవి నరసింహుడికి శతకం అల్లాడు. రాతికి పద్యం దక్కిన చోట ఒక ఆంప్లిఫయర్‌కు నాలుగు వాక్యాలు దక్కకపోతే అది మన లోభమే.

పురవర్ణన

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండు. ఒకటి మల్యాల మండలంలో కొండగట్టు అంజన్న నీడన ఉంది. మన కథ నడిచేది రెండోదానిలో, మల్లాపూర్ మండలపు ముత్యంపేటలో. చెరుకు బండ్లతో కళకళలాడిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డ నాటి నుంచి ఊరి సంగీతంలో ఒక పెద్ద వాయిద్యం తగ్గింది. అయినా ఆ పురము నిశ్శబ్దమని అనరాదు. తెల్లవారక ముందే వ్యవసాయ మోటార్లు శ్రుతి పట్టుకుంటాయి. అరుగుల మీద తునికాకు కత్తిరించే కత్తెరలు తాళం వేస్తాయి. కోరుట్ల దిక్కు పోయే బస్సు హారను తారస్థాయి అందుకుంటుంది. వినాయక నిమజ్జనం నాడు డీజే పెట్టెలు బయలుదేరితే కిటికీ అద్దాలు సైతం భక్తితో వణుకుతాయి. ఇన్ని ధ్వనుల నడుమ ఒక పాటను పాటగా వినాలనుకోవడమే సాహసం. ఆ సాహసం చేసినవాడే మన నాయకుడు.

నాయక వర్ణన

అతడు ధీరోదాత్తుడు, ఓవర్‌టైము జితశ్రముడు, గల్ఫ్‌లో ఏసీ యంత్రాలకు ప్రాణం పోసి రెండు నెలల సెలవు మీద ఊరికి విచ్చేసినవాడు. వంశం చూతమా, సంగీతవంశమే. 1980లలో గల్ఫ్ పోయిన తరం అత్తరు సీసాలతో, దుప్పట్లతో పాటు మోసుకొచ్చిన మహాద్రవ్యం టూ-ఇన్-వన్. అతని బాపు తెచ్చినది ఇప్పటికీ బీరువా మీద శాలువా కప్పుకొని ఉంది. 1963లో ఫిలిప్స్ వారు లోకానికిచ్చిన క్యాసెట్టు దాని ఆహారం. నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న టేపు, సెకనుకు అయిదు సెంటీమీటర్లయినా నడవని మందగమన, ఒక కాలంలో వాడకట్టునంతా ఆ వాకిట్లో కూర్చోబెట్టింది. బాపు ఒక డబ్బాతో గెలిచిన కీర్తిని తాను రెండు డబ్బాలతో నిలబెట్టాలని నాయకుడు ప్రతిన పూనాడు.

మాయావి సంహారం

కుకవులను నిందించడం కావ్యమర్యాద. మన కాలపు కుకవులు అట్టపెట్టెల మీద రాస్తారు. వారి ఆస్థానంలో పెరిగిన రాక్షసుడి పేరు పి.ఎం.పి.ఓ. కోరుట్ల దుకాణంలో అడుగుపెట్టగానే వాడు ఎదురొచ్చి, "నేను మూడువేల వాట్ల వాణ్ణి" అని సింహనాదం చేశాడు. ఒంటినిండా నీలం, ఎరుపు దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. పక్కనున్న పోరగాళ్లు మూర్ఛిల్లారు.

నాయకుడు చలించలేదు. పెట్టెను మెల్లగా వెనక్కి తిప్పి, వీపున అంటించిన చిన్న చీటీ చదివాడు. కరెంటు వాడకం 40 వాట్లు అని ఉంది. గోడ నుంచి నలభై తాగేవాడు మూడువేలు ఎట్లా కక్కుతాడు? రెప్పపాటులో ఎక్కడో ఊహలో తాకే శిఖరాన్ని లెక్కగట్టి చెప్పేదే పి.ఎం.పి.ఓ. ఎడతెగక ఇవ్వగలిగే శక్తికి ఆర్.ఎం.ఎస్. అని పేరు. ఆ మూడక్షరాలు ఉచ్చరించగానే రాక్షసుడు మూడువేల నుంచి ముప్ఫైకి, ముప్ఫై నుంచి పక్కకు పదిహేనుకు కుంచించుకుపోయి అట్టపెట్టెలో దూరాడు.

ఇంకో అస్త్రం కూడా పాఠకుల అమ్ములపొదిలో ఉండాలి. శక్తి రెట్టింపైతే ధ్వని పెరిగేది మూడు డెసిబెల్లు మాత్రమే. చెవికి రెండింతలు పెద్దగా తోచాలంటే సుమారు పది డెసిబెల్లు, అంటే పదింతల శక్తి కావాలి. యాభై వాట్లకూ నూరు వాట్లకూ నడుమ అంతరం బిల్లులో కనిపించినంతగా పాటలో వినిపించదు.

స్వయంవర ఘట్టం

తరువాత నాయకుడు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి దండయాత్ర చేశాడు. అక్కడ రాజకుమారులు బారులు తీరి ఉన్నారు.

మొదట వచ్చింది 4440 ఐసీ బోర్డు. పక్కకు ఆరు వాట్లు దాని బలం. ఊరూరా మెకానిక్కులు చెక్కపెట్టెలో బిగించి పాటలు పాడించిన పేదింటి వీరుడు. గొప్పలు చెప్పడు, చెప్పినంత చేస్తాడు. రెండోది ఐదు చిన్న తలలు, ఒక పెద్ద పొట్ట గల 5.1 హోం థియేటర్. యుద్ధ సినిమాలకు దిట్ట. కానీ రెండు దారుల్లో రికార్డయిన పాటకు ఆరు పెట్టెలు ఎందుకని అడిగితే తలలన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. మూడోది బ్లూటూత్ స్పీకరు. ఒంటి డబ్బాలోనే కుడి ఎడమలు, వాటి నడుమ దూరం జానెడు. 1940 నుంచి గుళ్లలో, సభల్లో గొంతెత్తిన ఢిల్లీ అహూజా వంశం వారు పెద్దరికంగా ఆసీనులయ్యారు. వారి ప్రతాపం మైదానాలకు తగినది, ముందుగదికి కాదు. 1970లో కలకత్తాలో పుట్టిన సోనోడైన్ స్పీకర్ల వారు మాత్రం నిబ్బరంగా నిలబడ్డారు.

అప్పుడు సభలోకి ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ ప్రవేశించింది. నల్లని మేను, నుదుట నాబు తిలకం, వీపున వేడిని విదిల్చే అల్యూమినియం రెక్కలు, గర్భంలో మందరగిరి వంటి ట్రాన్స్‌ఫార్మర్. ఎనిమిది ఓములకు పక్కకు నలభై వాట్లు అని మితంగా పలికింది. దాని వెంట అశ్వినీదేవతల వలె ఒకే పోలిక గల బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జంట. కింద మద్దెల గాంభీర్యం మోసే ఊఫర్, పైన తాళాల తళుకు పట్టే ట్వీటర్. ఎవరికి ఏ స్వరం చెందాలో పంచి పెట్టే క్రాసోవర్ విదురుడు కనబడకుండా లోపల ఉంటాడు.

అయితే అక్కడ అటువంటి నల్లపెట్టెల జంటలు ఐదున్నాయి. దేవతలు నలుడి రూపం దాల్చి వచ్చిన పంచనలీయం ఎదురైంది. దమయంతి ఏం చేసింది? కనురెప్ప వేయనివారు, చెమట పట్టనివారు, కాళ్లు నేలకానని వారు దేవతలని గుర్తించి, మనిషి లక్షణాలున్న నలుడికి మాల వేసింది. నాయకుడూ అదే చేశాడు. తాను చిన్ననాటి నుంచి విన్న ఒకే పాటను అయిదింటి మీదా వేయించాడు. ఎక్కడ గాయని ఊపిరి తీసుకోవడం వినబడుతుంది, ఎక్కడ డోలక్ మీద అరచేయి పడ్డ చోటుకూ వేళ్లు పడ్డ చోటుకూ తేడా తెలుస్తుంది అని చెవి యొగ్గాడు. దుకాణదారు మాయలమారి ఒక పెట్టె దగ్గరికి రాగానే నాబు కొంచెం పైకి తిప్పాడు. పెద్దగా వినబడేది బాగున్నట్టు తోచడం చెవి బలహీనత. "అన్నా, అన్నిటికీ సౌండు ఒకటే పెట్టు," అన్నాడు నాయకుడు. మాయ విడిపోయింది. అన్నిటికన్నా తక్కువ మిణుకుమనే మూడో జంట మెడలో మాల పడింది.

పెండ్లికి ముందు జాతకాలు చూడడం ధర్మం. ఎనిమిది ఓములకే తగిన ఆంప్లిఫయర్‌కు నాలుగు ఓముల స్పీకర్లను కట్టబెడితే అది వేడెక్కి అలుగుతుంది. పొంతన కుదిరింది. వాటు ఒకటికి, మీటరు దూరంలో 89 డెసిబెల్లు పలికే స్పీకరు 86 పలికేదానికన్నా సగం శక్తితోనే అంతే ధ్వని ఇస్తుందని పురోహితుడు చెప్పాడు. అదీ శుభమే.

తీగల కథ, గృహప్రవేశం

ఇక్కడ దొంగ ముని ఒకడు తగిలి, బంగారు ముఖాల తీగ మీటరుకు వేలల్లో అమ్మజూశాడు. నాలుగైదు మీటర్ల దూరానికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలునని నాయకుడు దండం పెట్టి తప్పుకున్నాడు. మిగిలిన పైసలతో స్టెబిలైజరు కొన్నాడు. సాయంత్రం మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే వోల్టేజీ పడే ఊళ్లో అదే కవచకుండలాలు.

సంజీవని కొండనెత్తిన అంజన్నను తలచుకొని పెట్టెలు భుజాన వేసుకొని బస్సు దిగాడు. ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి కలిపాడు. ఒక పక్క తారుమారైతే ఒకటి నెట్టినప్పుడు మరొకటి లాగి, బేస్ అంతా ఒకదానితో ఒకటి కొట్టుకొని మాయమవుతుంది.

ఇప్పుడు అసలు ప్రతినాయిక బయటపడింది. ఆమె పేరు ముందుగది. స్లాబు కప్పు, టైల్సు నేల, సున్నపు గోడలు. చప్పట్లు కొడితే చప్పట్లు తిరిగి కొట్టే అహంకారిణి. ఆమెను జయించడానికి నాయకుడు నేల మీద అవ్వ కుట్టిన బొంత పరిచాడు, కిటికీలకు సిరిసిల్ల బట్ట మడతలు మడతలుగా వేలాడదీశాడు. మూలల్లో మొరిగే బేస్‌ను మందలించి పెట్టెలను గోడకు మూరెడు ఎడంగా జరిపాడు. ట్వీటర్లు చెవి ఎత్తుకు వచ్చాయి. రెండు పెట్టెలు, ఒక కుర్చీ కలిసి సమబాహు త్రిభుజమయ్యాయి.

కుర్చీలో నాయకుడు కూర్చోవలసింది. ఈలోగా బీడీల చాట ఒళ్లో పెట్టుకొని అవ్వ కూర్చుంది. పాట మొదలైంది. అవ్వ కత్తెర ఆపింది.

"రెండు డబ్బలు ఆ పక్కకొకటి ఈ పక్కకొకటి ఉన్నయి. మరి నడుమ పాడుతున్నదెవరు కొడుకా? ఆడ ఏం లేదు గద!"

ధర్మపురి స్వామి స్తంభంలో ఉన్నట్టు, పెట్టె లేని గోడ నడుమ గాయని నిలబడి ఉంది. బ్లమ్‌లైన్ తొంభై ఏండ్ల కింద పడ్డ శ్రమ ముత్యంపేటలో ఫలించింది. నాయకుడు జయధ్వానం చేయబోయేంతలో లోపలి నుంచి ఇల్లాలి ఆజ్ఞ వెలువడింది: "సౌండు జర తగ్గియ్యి, పోరడు పండుకున్నడు." తగ్గించాడు. తగ్గించినా గాయని నడుమ నుంచి కదలలేదు. మంచి జోడుకు అదే గుర్తు.

ఫలశ్రుతి

వాట్లు చూసి కొనిన వాడింట చెవుడుండు
పాట వినుచు గొనిన పాట మిగులు
జోడు పెట్టెలుంచు చోటు తెలిసెనేని
గోడ కూడ పాడు కోకిలగును

ఈ కావ్యం చదివిన వారికి కలిగే ఫలం ఇది. మొదటి స్టీరియోకు పది రూపాయలుంటే అయిదు స్పీకర్లకు, మూడు ఆంప్లిఫయర్‌కు, ఒకటి పాట వచ్చే యంత్రానికి, ఒకటి తీగలకు, స్టాండ్లకు పెట్టండి. ఫోను ఇదివరకే ఉంటే ఆ రూపాయి కూడా స్పీకర్లకే చేర్చండి. దుకాణానికి మీ పాట మీరే పట్టుకుపోండి. కొన్నాక ఓ ఆదివారం పెట్టెలను జరుపుతూ, వింటూ గడపండి. దానికి పైసా ఖర్చు లేదు, దానంత లాభం ఇచ్చే సామాను ఏ దుకాణంలోనూ లేదు.