గరగరలో నిలిచే గొంతు

నాకు కంపెనీ పేరంటూ లేదు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో దొరికే విడిభాగాలు తెచ్చి, అక్కడే ఒక మేడమీది గదిలో సోల్డరింగు పెట్టి కూర్చిన లోకల్ సెట్టును. 1970ల నడుమ పుట్టాను. మూడు బ్యాండ్లు, నాలుగు పెద్ద సెల్లులు, మూడంగుళాల స్పీకరు, చిల్లుల తోలు తొడుగు. పేరున్న సెట్లకు అద్దం మీద లండన్, కొలంబో అని ఊళ్ళ పేర్లు రాసి ఉంటాయి. నా ముఖాన ఉత్త అంకెలే. కంపెనీ సెట్టులో సగం ధరకు వస్తున్నానని టైలరన్న నన్ను కొని, గుడ్డల మూటలో పెట్టుకుని బస్సెక్కి బాగలూరు తెచ్చాడు.

బాగలూరు హొసూరు నుంచి మాలూరుకు పోయే రోడ్డు మీద ఉంటుంది. కర్ణాటక ఎల్లకు అడుగు దూరం. అక్కడ టైలరన్న వాళ్ళ నాయన పెట్టిన అంగడి. అది ఉన్నచోటే ఉంది, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది: మొదట సేలం, 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి. ఇంట్లో తెలుగు, గిరాకీలతో సగం కన్నడం, ఆఫీసు కాగితాలకు అరవం, అంగట్లో కాజాలు కుట్టే భాయితో ఉర్దూ. ఈ నాలుగింటితో బతికే మనిషికి ఐదోది కష్టం కాదు. భాయి ఉర్దూ దారిలోనే హిందీ పాట ఆయన చెవికి చేరింది. మాటల్లో సగమే తెలిసేవి. మిగతా సగానికి ఆయన ఏనాడూ బెంగపడలేదు.

నన్ను కొన్న మొదటి వారంలోనే ఇంటి మీదినుంచి టెంకాయ చెట్టు దాకా రాగి తీగ లాగాడు. షార్ట్‌వేవ్ అందుకోవాలంటే అది కావాలి. ఆకాశంలో చాలా ఎత్తున విద్యుత్తు నిండిన పొరలున్నాయి. పగటిపూట అన్నిటికన్నా కిందనున్న పొర మీడియంవేవును మింగేస్తుంది. పొద్దు గుంకితే ఆ పొర పలచబడి పోతుంది, అప్పుడు దూరపు స్టేషన్లు పై పొరకు తగిలి మన మీదికి దిగుతాయి. షార్ట్‌వేవ్ ఆ పై పొరను పట్టుకునే సముద్రాలు దాటుతుంది. అయితే పై పొరకు నిలకడ లేదు. అందుకే గొంతు ఉయ్యాల ఊగినట్టు దగ్గరికొచ్చి దూరం పోతుంది. జనం దాన్ని నా జబ్బు అనుకుని నెత్తిన కొట్టేవాళ్ళు. టైలరన్న కొట్టడు. కత్తెర పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, గొంతు తిరిగొచ్చేదాకా కాచుకుంటాడు.

ఎదురుగా కాఫీ హోటల్లో ఒక వాల్వు సెట్టు ఉండేది. నాకన్నా చాలా పెద్దది, మాట్లాడటానికి ముందు వేడెక్కాలి. పాత ముచ్చట్లన్నీ దాని దగ్గర విన్నవే. కేస్కర్ మంత్రిగా ఉన్న రోజుల్లో ఆకాశవాణి సినిమా పాటను గడప తొక్కనివ్వలేదట. జనమంతా ముళ్ళు కొలంబో వైపు తిప్పారు. 1952 చివర్లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలుపెట్టాడు. బుధవారం రాత్రి ఎనిమిదికి హోటల్లో ఇడ్లీలు మిగిలేవి కావని వాల్వు సెట్టు గొప్పగా చెప్పుకునేది. తరువాత 1957లో ఆకాశవాణివాళ్ళే వివిధభారతి పెట్టి పోయిన శ్రోతలను వెనక్కి పిలుచుకున్నారు. నేను వచ్చేసరికి సాయంత్రం జవాన్ల ‘జయమాల’, రాత్రి ‘ఛాయాగీత్’. టైలరన్న కుట్టుమిషను ఆ వేళలకు నెమ్మదిగా నడిచేది.

నా గొంతు సంగతి నాకు తెలుసు. మూడంగుళాల స్పీకరులో లోతైన మోత పుట్టదు. మరీ సన్నని సవ్వడి కూడా నా దాకా రాదు, ఆ అంచులను స్టేషను దగ్గరే కోసేస్తారు. నలభై వయొలిన్లు ఒకేసారి లేస్తే నాలో అది తడిసిన గుడ్డల కుప్ప. పెద్ద పెద్ద సంగీత దర్శకుల ఆడంబరమంతా నా దగ్గర అలా ముద్దయిపోయింది. కానీ ఒంటి గొంతు, ఒక డోలు, ఒక వేణువు ఉన్న పాట మాత్రం ఎంత గరగరలోనైనా నిలబడి వచ్చేది. కారణం ఆలోచిస్తే తేలికే. పల్లెపాట గదిలో పుట్టింది కాదు. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వినపడాలని పుట్టింది. గాలిని, దూరాన్ని ముందే లెక్కలో వేసుకున్న గొంతు అది. దానికి నా గరగర ఒక లెక్కా?

నౌషాద్ ‘గంగా జమునా’లో వాడిన అవధ్ పల్లె దరువులు, సలిల్ చౌధురీ ‘మధుమతి’లో కొండల మీదినుంచి పిలిచే పిలుపులు, ‘తీస్రీ కసమ్’లో బండివాళ్ళ గుంపు పాట, ఇవన్నీ నాలో చెక్కుచెదరకుండా పలికేవి. అన్నిటికన్నా బాగా పలికింది సచిన్ దేవ్ బర్మన్ గొంతు. తూర్పు బెంగాల్ కొమిల్లాలో పుట్టిన త్రిపుర రాజకుటుంబీకుడు ఆయన. పడవవాళ్ళ భటియాలీ పాటను వెంటబెట్టుకుని బొంబాయి చేరాడు. ‘సుజాత’, ‘బందిని’, ‘గైడ్’ సినిమాల్లో ఆయనే స్వయంగా పాడిన పాటలు తెరమీద హీరో నోట రావు, వెనకనుంచి ఎవరో దారినపోయేవాడు పాడుతున్నట్టు వస్తాయి. పలచటి, పైస్థాయి గొంతు. కొంచెం ముక్కులోంచి. అందంగా లేదు అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు దాన్ని మంచి సెట్టులో విని ఉంటారు.

మా బాగలూరి పక్కన దక్షిణ పినాకిని తమిళనాడులోకి దిగుతుంది. అందులో పడవ నడిచేంత నీరు ఎప్పుడూ లేదు. ఈమధ్య బెంగుళూరు మురికి కలిసి కెలవరపల్లి కట్ట దగ్గర నురగ కొండలా లేస్తుందని గిరాకీలు చెప్పుకుంటారు. పడవ ఎరగని ఊళ్ళో పడవపాటకు ఈ మనిషి ఎందుకు కరిగిపోతాడా అనుకునేదాన్ని. ఒకనాడు ఆయన తల్లి అంగడి అరుగు మీద కూర్చుని ఆ పాట విని, “మీ అవ్వ రాగులు విసిరేటప్పుడు ఇట్లే లాగుతా ఉండె గదరా” అంది. అంతే, మళ్ళీ ఆకు నమలడంలో పడింది.

ఇక టైలరన్న రెండో పిచ్చి, బంతాట. రేడియోలో క్రికెట్ చెప్పడం సులువు. బంతికీ బంతికీ నడుమ చెప్పేవాడికి ఊపిరి, వినేవాడికి టీ. ఫుట్‌బాల్‌కు ఆ విరామం లేదు. పైగా లండన్ బీబీసీ వాళ్ళ ఇంగ్లీషు. టైలరన్నకు అందులో తెలిసినవి గోల్, కార్నర్, పెనాల్టీ, ఆఫ్‌సైడ్, ఆటగాళ్ళ పేర్లు. మిగతాదంతా గొంతు ఎత్తును బట్టే. గొంతు కిందనుంటే బంతి నడి మైదానంలో ఉన్నట్టు, పైకెక్కుతూ మాటలు కురచబడితే గోలు దగ్గర ఉన్నట్టు, మాటలాగి జనం హోరు ఒక్కటే మిగిలితే పడినట్టు. హోరు కూడా పల్లెపాటలాంటిదే, ఎంత దూరమైనా చెడదు.

1978, 1982, 1986, 1990 ప్రపంచకప్ ఫైనల్స్ నాలుగూ మన గడియారంలో రాత్రి పదకొండున్నరకే మొదలయ్యాయి. బ్యూనస్ ఎయిరిస్‌లో మధ్యాహ్నం మూడు, మాడ్రిడ్‌లో, రోమ్‌లో రాత్రి ఎనిమిది, మెక్సికోలో మిట్టమధ్యాహ్నం. అన్నీ తిరిగి తిరిగి బాగలూరులో పదకొండున్నర. టైలరన్న అది ప్రకృతి నియమం అనుకున్నాడు. మ్యాచి రోజు పొద్దున్నుంచీ నా సెల్లులు అంగడి కప్పు మీద ఎండబెట్టి, ముఖ్యమైన ఘడియకు ఊపిరి పోసేవాడు.

1978 జూన్ 25 నాటిది మరువలేను. అర్జెంటీనా, నెదర్లాండ్స్. డచ్చి ఆటగాడు రెనే వాన్ డి కెర్కాఫ్ చేతి కట్టు మీద గొడవై ఆట ఆలస్యంగా మొదలైంది. కెంపెస్ గోలు వేశాడు. ఎనభై రెండో నిమిషంలో నానింగా సమం చేశాడు. చివరి నిమిషం, రెన్సెన్‌బ్రింక్ అన్న పేరు, గొంతు ఎక్కింది, ఎక్కింది, సరిగ్గా అప్పుడు ఆకాశంలో పొర జరిగింది. నాలో గరగర తప్ప ఏమీ లేదు. టైలరన్న, భాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “పడిందంటావా?” “తెలీదన్నా.” మళ్ళీ గొంతు అందేసరికి అదనపు సమయం నడుస్తోంది. బంతి స్తంభానికి తగిలి వెనక్కొచ్చిందని మర్నాటి పేపరే చెప్పాలి. అర్జెంటీనా 3-1తో గెలిచింది. ఆ నడిమి నిశ్శబ్దం గురించి వాళ్ళిద్దరూ గోల్స్ కన్నా ఎక్కువ ఏళ్ళు మాట్లాడుకున్నారు.

పరదేశీ ఆట అని ఎవరైనా వెక్కిరిస్తే టైలరన్నకు ఒక జవాబుండేది: రహీం సాబ్. హైదరాబాదులో బడిపంతులుగా ఉండి భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం. నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తాలో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0-2. ఫైనల్లో మళ్ళీ ఆ కొరియాయే. స్టేడియంలో అక్కడి జనమంతా మనకు ఎదురు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో నిలబెట్టాడు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ ఒకటి, 2-1. జట్టులో సికింద్రాబాద్ బలరాం, బెంగుళూరు అరుమైనాయగం. క్యాన్సర్‌తోనే అక్కడ నిలబడిన రహీం 1963 జూన్‌లో పోయాడు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా వచ్చింది, సంగీతం రెహ్మాన్. టైలరన్నకు సినిమా నచ్చింది. పాటలు మాత్రం “ఇంకొంచెం పలచగా ఉండాల్సింది” అన్నాడు.

ఆయన రెండు పిచ్చులూ ఒకే మనిషిలో ఉన్నాయని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాలి. బర్మన్‌దాదా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వీరాభిమాని. 1975 సెప్టెంబరు 30న ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తు చేసింది. అప్పటికి దాదా స్పృహ లేకుండా మంచం మీద ఉన్నాడు. కొడుకు ఆర్.డి. చెవి దగ్గర వంగి ఈస్ట్ బెంగాల్ ఐదు గోల్స్‌తో గెలిచిందని చెబితే ఒక్కసారి కళ్ళు తెరిచాడని బొంబాయి సినిమావాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. అక్టోబరు 31న కన్నుమూశాడు. ఈ కథ విన్న పూట టైలరన్న ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టాడు.

1986లో నన్ను విడిచిపెట్టాడు. అవును, అలాగే అంటాను. వీధి చివరి ఇంటిమీద బెంగుళూరు దూరదర్శన్ కోసం తాటిచెట్టంత యాంటెన్నా లేచింది. జూన్ 22 రాత్రి ఇంగ్లండు మీద మారడోనా రెండు గోల్స్, ఒకటి చేత్తో, ఒకటి సగం జట్టును దాటుకుని. నేను చీకటి అంగట్లో ఉన్నాను. తెల్లారి ఆయన వచ్చి భాయికి రెండోది చెప్పడానికి కత్తెర, టేపు, దారపుండలు బల్ల మీద పరిచాడు. అన్నిటినీ తప్పించుకుని దూరిన బంతి ఒక గుండీ. చెప్పడం అయ్యాక భాయి అన్నాడు, “చూసినావు కదా, మరి ఇంత కష్టపడి ఎందుకు చెప్తావన్నా?”

ఆ తరువాత వయసు మీద పడింది. స్పీకరు కాగితం చిరిగితే ఆయనే కాలరుకు వేసే కాన్వాసు ముక్క అతికించాడు. అప్పటినుంచి నా గొంతులో కొంత బిర్రు. 1991లో ‘లేకిన్’, 1993లో భూపేన్ హజారికా ‘రుదాలీ’, రెండూ రాజస్థాన్ ఎడారిగాలి ఉన్న పాటలు. ఆ గొంతుతోనే వినిపించాను. మనవడు పూలతోటల పనిలో దిగాడు. ఛత్తీస్‌గఢ్ పల్లెపాట నుంచి తీసి ‘ఢిల్లీ-6’లో పెట్టిన బంతిపూల పాట వాడి ఫోనులో మోగుతుంటే తాతే “పెంచరా” అన్నాడు. ఇంకోరోజు వాడు తాత చెవుల్లో హెడ్‌ఫోను పెట్టి ‘బందిని’ ఆఖరి పాట వినిపించాడు. ముసలాయన నొసలు ముడిపడింది.

“ఈ మోతలన్నీ ఎవరు కలిపినార్రా?”

“మొదట్నించీ ఉండాయి తాతా. నీ రేడియోకే వినపడలే.”

నా వైపు ఒకసారి చూశాడు. నేనేం చెప్పను? మూడంగుళాలు.

2022 డిసెంబరు 18న ఖతార్ ఫైనల్. మన వేళకు ఎనిమిదిన్నరకే! “అన్నం తినే టయాన ఫైనల్ ఏమిరా” అని గొణుగుతూనే టీవీ ముందు కూర్చున్నాడట. 97 సెకన్లలో ఎంబాపే రెండు కొట్టాడు, 3-3, చివరికి పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2. మర్నాడు అంగడికి వచ్చినవాళ్ళందరూ అది చూసినవాళ్ళే. అయినా ఆయన మొదటి నిమిషం నుంచి గొంతు ఎక్కిస్తూ దించుతూ మొత్తం చెప్పాడు. ప్యాంట్లు ఇంకా కుట్టలేదు కాబట్టి వాళ్ళు వినక తప్పలేదు.